నువ్వు చేసిన ఉంగరం కోసేశారు నాయినా

నాయినా,

ఎలా ఉన్నావని అడగాలో వద్దో తెలియడం లేదు. నువ్వు పోయి పదకొండు నెలలైంది. రాయాలని చాలాసార్లు అనుకున్నాను... కాగితం ముందు కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఇవాళ భయమేసి రాస్తున్నాను.

ముందు మంచి మాట చెప్తాను. నీకు మనవరాలు పుట్టింది. పదమూడు రోజులైంది. నెలకు పైగా ముందే పుట్టింది కాబట్టి ఇంకా సికింద్రాబాద్ ఆస్పత్రిలో అద్దాల పెట్టెలోనే ఉంది. నేను కడుపుతో ఉన్నానన్న సంగతి కూడా నీకు తెలియదు కదా... నువ్వు పోయిన నాలుగు నెలలకు తెలిసింది నాకు.

ఇక రెండో మాట. నువ్వు చేసిన ఉంగరం ఇప్పుడు నా వేలికి లేదు.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు నీకు గుర్తుందా? మౌలాలి వర్క్‌షాపులో ఏదో ఆర్డరు పోగా మిగిలిన టైటానియం ముక్కను మీ ఓనరు నీకిచ్చాడు. రెండు ఆదివారాలు లేత్ మిషన్ దగ్గర నిలబడి దాన్ని ఉంగరం చేశావు. "బంగారమైతే బస్సుల గుంజుకపోతరు బిడ్డా. దీన్ని ఇనుమనుకొని ఎవడు ముట్టడు" అన్నావు.

నాకు కోపమొచ్చింది. మ్యాగజైన్‌లో బొమ్మ చూపించి వెడల్పుగా, మందంగా కావాలని అడిగాను. పైన నా పేరు చెక్కమన్నాను. నువ్వేమో సన్నగా, నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా చేశావు. లోపలి వైపు మాత్రం గుండ్రంగా తిప్పావు. అంచు ఒరుసుకోదట, చెమట నిలవదట. వేలికి ఉన్నట్టే తెలిసేది కాదు. అంత తేలిక.

నువ్వు పోయాక దాన్ని ఒక్కసారి కూడా తీయలేదు. స్నానానికీ తీయలేదు, గిన్నెలు కడిగేటప్పుడూ తీయలేదు. ఎందుకో... తీస్తే నీ చెయ్యి వదిలేసినట్టు అనిపించేది.

ఏడో నెల నిండాక చేతులు ఉబ్బడం మొదలైంది. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే అన్నారు ఆఫీసులో. నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఉంగరం కనిపించలేదు నాయినా. పోయిందనుకున్నాను... కాదు, రెండు వైపులా కండ పొంగి దాన్ని మింగేసింది.

సబ్బు రాశాను. నూనె రాశాను. ఐసు నీళ్లలో పెట్టాను. వేలికి దారం చుట్టి లాగాను. తోలు లేచింది గానీ అది కదల్లేదు.

ఆఫీసులో నెట్ తెరిచి వెతికాను. అదే నా తప్పేమో. టైటానియం ఉంగరం ఇరుక్కుంటే కోయడం ఎవరి వల్లా కాదని, వేలే తీసేస్తారని ఎవరో రాశారు. ఇంకెవరో అదంతా అబద్ధం, సరైన పనిముట్టు ఉంటే తెగుతుందని రాశారు. నేను మొదటిదే నమ్మాను. భయంలో ఉన్నవాళ్లు చెడునే ఎందుకు నమ్ముతారు నాయినా?

అమ్మకు చెప్పలేదు. చున్నీ కింద చెయ్యి దాచుకుని మూడు రోజులు తిరిగాను. తలనొప్పి కూడా వచ్చింది. కళ్ల ముందు మిణుగురుల్లా ఏవో మెరిసేవి. కంప్యూటర్ చూసీ చూసీ అనుకున్నాను.

నాలుగో రోజు నీ అల్లుడు సుధాకర్ చూశాడు. పొద్దున అన్నం కలుపుతుంటే చెయ్యి పట్టుకుని, "ఏటి, ఇలా అయిపోయిందేటి చెయ్యి? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. విజయనగరం మనిషి కదా, కంగారు పడితే ఆ యాసే వస్తుంది. అప్పటికప్పుడు జనరల్ బజార్‌లో కంసాలి దగ్గరికి తీసుకెళ్లాడు.

పెద్దాయన. కళ్లద్దాలు పైకి తోసి సన్న రంపంతో మొదలుపెట్టాడు. ఒక బ్లేడు విరిగింది. ఇంకోటి పెట్టాడు. అదీ విరిగింది. ఉంగరం మీద గీత మాత్రం పడింది.

"ఇది నాతోని కాదమ్మా" అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏలు సంగతి తర్వాత... నీ మొఖం సుత ఉబ్బింది. మా కోడలికి గిట్లనే అయింది. ఇంటికి పోకు. సీదా దవాఖానకు పోండ్రి."

సుధాకర్ వెంటనే ఆటో పిలిచాడు.

ఆస్పత్రిలో బీపీ చూసిన నర్సు మళ్లీ ఒకసారి చూసింది. డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. డాక్టరమ్మ వచ్చి, బీపీ బాగా పెరిగిపోయిందని, ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చని, సాయంత్రంలోపు ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలని చెప్పింది. ఇంకా నెలకు పైగా ఉంది కదా మేడమ్ అన్నాను. "ఆగితే ఇద్దరికీ ప్రమాదం" అంది.

అప్పటికి వేలు నల్లబడుతోంది. వాళ్ల దగ్గరున్న కట్టర్ చేత్తో తిప్పేది, బంగారానికి పనికొచ్చేది. జారిపోయింది. "దీన్ని ముందు తీయాలి, లేకపోతే వేలు దక్కదు" అని డాక్టరమ్మ సుధాకర్‌తో మెల్లగా చెప్పింది. నాకు వినిపించింది.

నాయినా, అప్పుడు నీ మీద కోపం వచ్చింది. నిజమే చెప్తున్నాను. ఇంత మొండి లోహంతో ఎందుకు చేశావని... బిడ్డ ఉంటుందో లేదో తెలియదు, నేనుంటానో లేదో తెలియదు, నా వేలు పట్టుకుని నువ్వు వదలవేమిటని ఏడ్చాను.

యాదగిరి కాకకు ఫోన్ చేయమని అమ్మే చెప్పింది. అప్పటికి అమ్మ వచ్చేసింది. నీ పక్క మిషన్ మీద ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచి, అచ్చులకు నునుపు పెట్టే చేతి గ్రైండర్ సంచిలో వేసుకుని, మౌలాలి నుంచి స్కూటర్ మీద వచ్చాడు. చొక్కాకు ఇంకా నూనె మరకలు.

నిప్పురవ్వలు లేస్తాయని నర్సు నన్ను ఆక్సిజన్ లేని గదిలోకి మార్చింది. ఫిట్స్ రాకుండా ఇచ్చిన ఇంజెక్షన్‌కు ఒళ్లంతా మంట. కాక ఉంగరానికీ వేలికీ మధ్య సన్నటి ఉక్కు రేకు దూర్చాడు. అది దూరుతున్నప్పుడు అరిచాను. నర్సు సిరంజితో చుక్క చుక్కగా చల్లటి నీళ్లు వదులుతోంది.

"అటు దిక్కు తిరుగు బిడ్డా. నన్ను జెర నిమ్మలంగ చేసుకోనియ్యి. తొందరపడితే ఇది వేడెక్కుతది" అన్నాడు.

నేను తిరగలేదు. చూస్తూనే ఉన్నాను. తెల్లటి రవ్వలు... ఆ చప్పుడు నా పళ్లలో వినిపించింది. కాస్త కోయడం, ఆగడం, వేలితో ముట్టి చూడడం, మళ్లీ కోయడం. ఒక పక్క తెగినా ఉంగరం విచ్చుకోలేదు. రెండో పక్క కూడా కోయాలన్నాడు. కాక చెయ్యి వణికితే ఏమవుతుందన్నదే నా ఆలోచన. కాక చెయ్యి వణకలేదు. నుదుటి మీద చెమట మాత్రం కారుతోంది.

రెండు ముక్కలూ ట్రేలో పడ్డాయి. వేలి చుట్టూ లోతుగా గాడి. కాసేపటికి వేల్లోకి మళ్లీ నెత్తురు పారి ఎర్రబడింది. కాక అది చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

అప్పుడు చెప్పాడు నాయినా.

"మీ నాయిన దీన్ని సన్నగ ఎందుకు పెట్టిండో ఎరికేనా? నువ్వు మందం అడిగినవని నాకు చెప్పిండు. మా షాపుల ఒకనికి ఉంగరం మిషన్‌ల ఇరికి ఏలే పోయింది. అది చూసినప్పటి సంది మీ నాయిన ఉంగరం పెట్టలే. బిడ్డకు చేసేటప్పుడు, ఎన్నడన్న కోసే అవసరం పడితే తెగాలె యాదగిరీ, అన్నడు. నువ్వడిగినంత మందం ఉంటే నాకు ఇంకో గంట పట్టేది."

ఆ గంట నా దగ్గర లేదు. నన్ను అప్పటికే థియేటర్ వైపు తోసుకెళ్తున్నారు.

ఎందుకు చెప్పలేదు నాకు? నేను అలిగి రెండు రోజులు మాట్లాడకపోతే ఊరికే నవ్వావు గానీ ఒక్క మాట చెప్పలేదెందుకు?

డాక్టరమ్మ తర్వాత అంది, ఉంగరం బిగుసుకుందని వచ్చావు కాబట్టి సరిపోయింది, తలనొప్పికి మాత్ర వేసుకుని పడుకుని ఉంటే తెల్లారేది కాదని. అయిపోయిన దానికి ఇంత భయమేమిటో... పాప దగ్గర యంత్రం కూత పెట్టినప్పుడల్లా నా గుండె ఆగుతోంది. పాప బరువు నిన్నటికి కిలో ఎనిమిది వందలు. బాగానే ఉందంటున్నారు. నిజమేనంటావా?

ఇంకొకటి అడగాలి. ఎప్పుడూ అడగలేదు. ఆ చివరి మూడు రోజులు ఛాతీ పట్టుకుని "ఏం కాలే, గ్యాస్" అన్నావే... నీకు తెలుసు కదా నాయినా? మమ్మల్ని భయపెట్టకూడదనే కదా? నువ్వు భయపడ్డావా? ఒక్కడివే భయపడ్డావా?

నీ పోలికే నాది. చున్నీ కింద చెయ్యి దాచుకున్నది నీ కూతురే.

ఇప్పుడు కూడా ఒకటి దాస్తున్నాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎడమ కన్ను మసకగా ఉంది. ఈ అక్షరాలు కూడా ఆ కన్ను మూసుకునే రాస్తున్నాను. పాప గొడవలో ఉన్నారు, వీళ్లను ఇంకా పరేషాన్ చేయడమెందుకని ఎవరికీ చెప్పలేదు.

చెప్తాను. నీకు మాటిస్తున్నాను. రేపు కాదు, ఇప్పుడే.

అమ్మా అని పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వస్తోంది.

ఉంటాను నాయినా.

నీ స్వప్న