గిటార్ వెనక రేకు

అయ్యగారూ, వందనాలు. ఎల్‌బీనగర్‌ల మేమంత బాగున్నం.

మన ప్రార్థన మందిరానికి కొత్త డ్రమ్స్ కొనేటందుకు మా నాన్న వాయించిన పాత ఎలక్ట్రిక్ గిటార్ అమ్ముదామన్నరు గదా. ధర కనుక్కుందామని నిన్న చైతన్యపురికి పట్టుకపోయిన. పాత గిటార్లు కొనేటాయన దాన్ని మీటిండు, వాసన గూడ చూసిండు, మొఖం వెలిగిపోయింది. "అసలుదే అనిపిస్తున్నది. వెనక రేకు మీద నంబర్ చూస్తే ఏ సంవత్సరందో తెలుస్తది" అని తిప్పిండు. తిప్పి, తల పట్టుకున్నడు.

మా ఇంట్ల పేరు లేని గిన్నె ఉండదని మీకు తెలుసు. మందిరంల భోజనాలకు పోయిన గిన్నెలు తిరిగి రావాలంటే మరి పేరుండాలె గదా. నాన్న పోయినంక గిటార్‌ను మందిరంల పెట్టేముందు అమ్మ దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌ల స్టీల్ సామాన్ల దుకాణానికి మోసుకపోయిందట. నంబర్ అరగదీయించి, అదే రేకు మీద నాన్న పేరు "కొమరయ్య" అని చెక్కించిందట.

నంబర్ లేకుంటే ధర రాదన్నడాయన. ఇగ అమ్ముడు సంగతి మీరే ఒచ్చి అమ్మతోని మాట్లాడున్రి, నాతోని అయితలేదు. నంబర్ లేకుంటే అది ఏ కాలందో ఎట్ల తెల్వాలె అంటున్నడని నేను చెప్తే, ఆమె బెండకాయలు కోసుడు ఆపకుంటనే అన్నది:

"గంత పెద్దగ పేరు రాపిస్తే, ఎవరిదో ఆయనకు తెల్వదా?"