పదహారున్నర అంగుళాల మెలి

సంగ్వాలి, జూన్ 9, 2004

ప్రియమైన ఇనోంగే అక్కకు,

బస్సు డ్రైవరు చేతికి నా రైఫిల్ ఇచ్చి పంపుతున్నాను. గొట్టం అరిగిపోయింది, కొత్తది బిగించు. లోపలి గాడుల మెలి మాత్రం పాతదే ఉండాలి, పదహారున్నర అంగుళాలకు ఒక చుట్టు. నా కన్నూ భుజమూ దానికే అలవాటు పడ్డాయి. పరీక్షలేవీ పెట్టకు.

తొందరగా పంపించు. గాయపడ్డ అడవిదున్న ఒకటి రేవు పక్క రెల్లులో మకాం పెట్టింది. నీళ్ళకెళ్ళిన ఆడవాళ్ళను తరిమింది. ఊరిపెద్ద రోజూ వచ్చి, "ఏంరా వేటగాడా, తుపాకీ ముసుగుతన్ని పడుకుందా?" అని దెప్పుతున్నాడు.

నాతో జాడలు పట్టే ముబిత పోయి ఎనిమిది నెలలు. అతని భార్య నాసిలేలే పిల్లలతో ఎలాగో నెట్టుకొస్తోంది.

నీ తమ్ముడు,
సిమాసికు

విండ్‌హోక్, జూన్ 16

సిమా, నా బంగారు తమ్ముడూ,

వద్దన్నావు కనకే పరీక్షించాను. పొట్టి సీసపు తూటాలు వరసగా నిలబెట్టిన తొమ్మిది తడి పలకల్లోంచి తిన్నగా పోయాయి. పోయిన సెప్టెంబరులో నీకు పంపిన రకం పొడవాటి రాగి తూటాలు కూడా కాల్చాను. కాగితం మీద రంధ్రాలు గుండ్రంగానే పడ్డాయి. పలకల్లో మాత్రం మూడోదానికే అడ్డం తిరిగి పక్కకు పోయాయి. పొడవు తూటాకు ఆ మెలి చాలదు. తిప్పు సరిపోని బొంగరంలా తూలుతుంది.

ముబిత మీదికి దున్న వచ్చిన రోజు నువ్వు కాల్చింది ఏ తూటా? నిజం చెప్పేదాకా గొట్టం కొయ్యను.

అక్క

సంగ్వాలి, జూన్ 23

అక్కా,

తుపాకులు బాగుచేసేదానివి, నన్ను బాగుచెయ్యకు. ఆ రోజు నా చెయ్యి వణికింది. నాసిలేలేకు అదే చెప్పాను, ఊరికీ అదే చెప్పాను. తప్పు ఇనుము మీదికి నెట్టి తప్పించుకునే రకాన్ని కాదు.

నిన్న ఆ దున్న ఒక ముసలాయన తొడ చీల్చింది. బడి మూసేశారు. శనివారం బస్సులో రైఫిల్ రాకపోతే, అరువు తుపాకీతోనే రెల్లులోకి దిగుతాను.

సిమాసికు

విండ్‌హోక్, జూన్ 25

నా తమ్ముడికి,

దిగొద్దు. రైఫిల్ ఈ ఉత్తరంతోనే వస్తోంది.

పద్నాలుగు అంగుళాల మెలితో ఒక గొట్టం కాల్చి చూశాను, రాగి తూటా ఆరో పలకలో వంకరపోయింది. ఇంకా బిగువు మెలి ఉన్న పది అంగుళాలదానితో తొమ్మిది పలకలూ గీత గీసినట్టు దాటింది. సీసపు తూటాలూ చెదరలేదు. అందుకే నీ మాట కాదని పదే బిగించాను. తిట్టుకో.

ఇక అసలు సంగతి. ఆ రాగి తూటాల పెట్టె నీకు పంపింది నేను. ఏ తుపాకీకైనా సరిపోతాయని అమ్మినవాడు అంటే నమ్మేశాను. పాతికేళ్ళుగా ఈ పని చేస్తూ, నీ గొట్టం మెలి ఎంతని ఒక్క మాట అడగలేదు. ముబిత చావులో నా చెయ్యి ఉంది. ఈ ఉత్తరం నాసిలేలేకు చదివి వినిపించు. వచ్చే నెలాఖరున వచ్చి ఆమె ముందు నిలబడతాను.

ఇనోంగే

సంగ్వాలి, జూలై 4

అక్కా,

దున్న చచ్చింది. ఇరవై అడుగుల దూరంలో రెల్లు చీల్చుకుని మీదికొచ్చింది. ఒక్కటే కాల్చాను. రాగి తూటా రొమ్ములో దూరి నడుము దాకా తిన్నగా పోయింది. అది నా కాళ్ళ ముందే మోకాళ్ళ మీద కూలింది.

నువ్వు చెప్పింది నాకు అప్పుడే తెలుసు. ముబితను చంపిన దున్నను కోసినప్పుడు, భుజం కింద నా రాగి తూటా అడ్డంగా తిరిగి దొరికింది. ఎవరూ చూడకుండా క్వాండో నదిలో పారేశాను. పాత మెలీ పాత తూటాలే వాడుకుంటే నువ్వు ఎప్పటికీ అడగవనుకున్నాను. నీకు తెలిస్తే పని మానేస్తావని భయం.

నిన్న పొద్దున నాసిలేలే వాకిట్లో నీ ఉత్తరం చదివాను. చివరిదాకా కదలకుండా విని అంది:

"మీ అక్క పొరపాటు చేసి ఒప్పుకుంది. మరి నువ్వో? నా చేతి బుహోబే సంకటి తింటూ ఎనిమిది నెలలు అబద్ధమాడావు కదరా! నీ పిరికితనమే నా మొగుణ్ణి తినేసిందని ఎన్ని శాపాలు పెట్టానో తెలుసా? అవన్నీ ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?"

ఆమె ఏడుస్తుంటే పెద్దకొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని అంది:

"రమ్మను మీ అక్కని. కోపం తీరిందని కాదు. ముఖం చూసి నాలుగు మాటలు అడగాలి."

రా అక్కా. ఈసారి ఆ వాకిట్లో నీ పక్కన నేనూ నిలబడతాను.

నీ సిమా