కాగితం రాకముందు

గుట్టకిందపల్లె,
9 జూన్ 2024

ప్రియమైన బాషా మామకు,

గ్రేసీ నమస్కారాలు. మీకు ఫోనులో మాట వినపడదనీ, తెర మీది అక్షరాలు కళ్లకు ఆనవనీ వహీదున్నీసా అత్త చెప్పినప్పటి నుంచి ఉత్తరాలు రాయడం నాకూ అలవాటైంది. కాంపౌండరుగా మీరు రిటైరై తిరుపతి వెళ్లి రెండేళ్లయినా, ఇక్కడి పశువుల ఆసుపత్రి గుమ్మంలో నన్ను చూసిన ముసలివాళ్లు "బాషా లేడా?" అనే అడుగుతారు. డాక్టరును నేనే అని మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

ఈసారి పని మీద రాస్తున్నాను. ఏప్రిల్ నుంచి ఊళ్లో ఐదు ఆవులు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కడుపు నిలవక ఈసుకుపోయాయి. మేత మారిందని కొందరంటారు, దిష్టి అని కొందరు. మొదట ఈసుకుపోయింది జయరామ్, నాగులమ్మల ఎర్రావు. నాకు అనుమానం వచ్చి ముప్పై నాలుగు ఆవుల రక్తం తీయించి జిల్లా ల్యాబుకు పంపాను. నిన్న అక్కడి స్నేహితురాలు ఫోన్ చేసింది. నాలుగు ఆవులకు బ్రూసెల్లా, అదే గొడ్లు ఈసుకుపోయే అంటురోగం, ఉందట. ఎర్రావు వాటిలో ఒకటి. ల్యాబు రిపోర్టు కాగితం ఇంకా రాలేదు.

దీనికి ఆవుకు చేసే వైద్యం లేదని మీకు తెలుసు. వేరుగా కట్టాలి, ఎవరికీ అమ్మకూడదు. రెండేళ్ల కిందట చర్మం మీద గడ్డల రోగంలో వాళ్ల మిగతా రెండు ఆవులూ పోయాయి. ఇప్పుడు ఆ ఇంటికి ఆధారం ఈ ఒక్కటే. ఈసుకుపోయినా పాలు దిగాయి, పూటకు మూడు లీటర్లు కేంద్రానికి పోస్తున్నారు. ఇక అమ్ముకోవద్దు, వేరే పాక వేయండి అని నేను వెళ్లి ఎలా చెప్పాలి? మీ మాటైతే వింటారు. ఎలా మొదలుపెట్టాలో రాయండి. ఈ సంగతి నాకూ, రక్తం తీసిన మా సహాయకుడు జోయల్‌కూ, ఇప్పుడు మీకూ తప్ప ఎవరికీ తెలియదు.

మీ
గ్రేసీ


తిరుపతి,
13 జూన్ 2024

ప్రియమైన గ్రేసీ డాక్టరమ్మకు,

బాషా సలాములు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎర్రావు తల్లిని సర్కారు సబ్సిడీ కింద ఎంచి వాళ్లకు ఇప్పించింది నేనే. ఎర్రావు పుట్టిన పూట అడ్డం తిరిగితే చేయి పెట్టి సరిచేసి బయటికి లాగిందీ నేనే. ఆ రోజు జయరామ్ నా చేతులకు తనే సబ్బు రుద్ది కడిగినాడు. అందుకే మీరు రాసిన మాట మింగుడు పడలేదు.

మీరు అడిగినందుకు నాకు తోచింది చెబుతాను. వాకిట్లో నిలబడి చెప్పకండి, లోపలికెళ్లి కూర్చోండి. ముందు నాగులమ్మకు చెప్పండి, ఆ ఇంట్లో గొడ్ల సంగతి ఆమెదే. రోగం పేరు ఆఖర్న చెప్పండి. ఇంకొక మాట. చేతిలో కాగితం లేకుండా పోతే "ఎవురు సెప్పినారు, యాడుండాది సూపీ" అంటారు. మీ మీద నమ్మకం పోతుంది. కాగితం వచ్చేదాకా ఆగండి. పదిరోజుల్లో మునిగిపోయేదేమీ లేదు.

మీ అత్త అడిగినట్టు చెప్పమంది. నాకు నడుము నొప్పి మామూలే.

మీ
సుభాన్ బాషా


గుట్టకిందపల్లె,
27 జూన్ 2024

ప్రియమైన బాషా మామకు,

మీరు చెప్పినట్టే ఆగాను. సోమవారం కాగితం వచ్చింది, ఆ సాయంత్రమే వెళ్లాను. కొట్టం ఖాళీగా ఉంది.

"అమ్మేసినాం డాక్టరమ్మా," అంది నాగులమ్మ.

"ఎవరికి?"

"సంతలో ఎవురో వచ్చినాడు. పేరు యాడ అడిగేది?"

"చెవి పోగు ఉందిగా? దాని మీది నంబరుతో వెతకొచ్చు."

"అది ఎప్పుడో తెగిపోయినాది."

ఎప్పుడో కాదు మామా. మే చివర్లో రక్తం తీసినప్పుడు ఆ పన్నెండంకెలూ నేనే చదివి జోయల్ చేత రాయించాను. ఆమె నా ముఖం చూడకుండా చీపురు తీసుకుని ఊడ్చిన కొట్టాన్నే మళ్లీ ఊడ్చింది. జయరామ్ అరుగు మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. రెండు నెలలుగా జ్వరమట. "ఒక పూట వస్తాది, ఒక పూట పోతాది. సెమటకు సాప తడిసిపోతా ఉండాది," అన్నాడు. టైఫాయిడ్ అని సూదులు వేశారట. ఆవు ఈసుకుపోయినప్పుడు మాయ చేత్తో తీసి పారేసింది ఎవరని అడిగాను. తనేనన్నాడు. రక్తం పరీక్షకు పలమనేరు పంపాను.

కాగితం రావడానికి వారం ముందే ఆవు ఊరు దాటింది. ఎవరో చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. జోయల్ వాళ్లమ్మది ఆ వీధే. పిలిచి అడిగాను. "నేను సెప్పలేదు మేడమ్" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చాను. నాకు వేరే దారి కనబడలేదు.

ఆ ఆవు ఇప్పుడు ఎవరింట్లో ఉందో అనేదే ఆలోచన.

మీ
గ్రేసీ


తిరుపతి,
2 జూలై 2024

ప్రియమైన గ్రేసీ డాక్టరమ్మకు,

ఉత్తరం అందింది. జోయల్ అలాంటివాడు కాడు. నా చివరి ఏడాది నా దగ్గర పని నేర్చుకున్నాడు, నేనెరుగుదును. మెమో విషయంలో తొందరపడకండి.

జయరామ్ పరీక్ష ఏమైంది? నా సర్వీసులో ఇది గొడ్ల రోగమనే విన్నాను, మనుషులకు ఎప్పుడో ఒకరికి వస్తుందని చెప్పుకునేవాళ్లం. పాలతో కూడా వస్తుందా? కాచకుండా తాగితే? చిన్నపిల్లలకైతే ఎలా ఉంటుంది? వీలైనంత త్వరగా రాయండి.

మీ
సుభాన్ బాషా


గుట్టకిందపల్లె,
10 జూలై 2024

ప్రియమైన బాషా మామకు,

జయరామ్‌కు వచ్చింది బ్రూసెల్లానే. ఆరు వారాలు మాత్రలు మానకుండా మింగాలి. మింగితే తగ్గుతుంది. ముందే కనుక్కుని ఉంటే రెండు నెలల బాధ తప్పేది.

మీరడిగినదానికి జవాబు. వస్తుంది. పొంగు వచ్చేదాకా కాచిన పాలతో భయం లేదు, పచ్చిపాలతో వస్తుంది. పిల్లలకూ వస్తుంది. జ్వరం, కీళ్ల నొప్పులు. ఆలస్యమైతే ఎముకల దాకా, గుండె దాకా పోవచ్చు. మాయ ముట్టుకున్నా, కొట్టం కడిగినా రావచ్చు.

మిగతా మూడు ఆవుల వాళ్లు నా మాట వినడం లేదు. "నాగులమ్మ అమ్ముకోలేదా, మాకేం శిక్ష?" అంటున్నారు.  జోయల్ సంజాయిషీలో కూడా నేను చెప్పలేదన్న ఒక్క మాటే రాసిచ్చాడు. వేరే మండలానికి బదిలీ అడిగాడని తెలిసింది. నాతో పనికి మించి మాట్లాడడం మానేశాడు.

మీరు పిల్లల గురించి ఎందుకడిగారు? మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా?

మీ
గ్రేసీ


తిరుపతి,
29 జూలై 2024

ప్రియమైన గ్రేసీ డాక్టరమ్మకు,

మా ఇంట్లో అందరూ క్షేమం. జ్వరం వేరే ఇంట్లో ఉంది, దాన్ని అక్కడికి చేర్చింది నేను.

జూన్ పదమూడున మీకు ఉత్తరం డబ్బాలో వేసి, మరుసటి పొద్దున పలమనేరు బస్సెక్కాను. ఆసుపత్రి వైపు రాకుండా చేలగట్ల మీదుగా జయరామ్ ఇంటికి వెళ్లాను. మీరు నాకు నమ్మి రాసిన సంగతి వాళ్లకు చెప్పాను. "కాగితమొస్తే ఎవురూ కొనరు. వారంలో యాడన్నా తోసెయ్యండి" అన్నాను. జయరామ్ తలవంచుకున్నాడు. నాగులమ్మ ఒప్పుకోలేదు.

"కొన్నోళ్ల గతేమి బాషన్నా?" అని అడిగింది.

"ఏం గాదు. పాలు కాంచుకుని తాగితే సాలు," అన్నాను. ఆమె నా మాట నమ్మింది. ఇరవై రెండేళ్లు నమ్మిన అలవాటు.

కొనే మనిషినీ నేనే చూశాను. ఏర్పేడు దగ్గర ఒక పల్లెలో యశోదమ్మ అని, పెద్ద కాలేజీ హాస్టల్లో గదులు ఊడ్చే పనికి పోతుంది. మంచి ఆవు ఉంటే చెప్పమని నాకు తెలిసినవాళ్లతో చెప్పి ఉంచింది. పటకారుతో చెవి పోగు తీసింది నేను. సంతలో అమ్మినట్టు చెప్పమన్నదీ నేనే. నాగులమ్మ మీ ముందు అబద్ధం ఆడింది నా పేరు బయట పడకూడదని.

ఎందుకు చేశారని మీరు అడుగుతారు. ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుందనుకున్నాను. కొనేవాళ్లను నేను చూసింది ఒక్కసారే, జయరామ్ ఇంటిని ఇరవై రెండేళ్లు చూశాను.  మీరు కాగితం చూపి చెప్పేలోగా ఆవు పోవాలని మిమ్మల్ని ఆగమన్నాను.

మీ పదో తేదీ ఉత్తరం చదివిన రోజే ఏర్పేడు వెళ్లాను. యశోదమ్మ ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు మంచం మీద ఉంది. ఎనిమిది రోజులుగా జ్వరం. మోకాళ్లు ముట్టనివ్వడం లేదు. పాలు కాచి ఇస్తున్నావా అని అడిగాను.

"కాంచితే బలం పోతాది గదా సామీ. మంచి ఆవని మీరే ఇప్పించినారు. పితికినవి పితికినట్టే ఇస్తా ఉండా," అంది.

అక్కడే అంతా చెప్పాను. ఆమె అరవలేదు.  నాకు వినపడదని తెలిసి దగ్గరికొచ్చి చెవిలో గట్టిగా అడిగింది.

"తెలిసే ఇప్పించినారా?"

"తెలిసే."

ఆమె లోపలికెళ్లి బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. ఏ పరీక్ష చేయాలో డాక్టరుకు నేనే చెప్పాను, ఎలా తెలుసని అడిగితే అదీ చెప్పాను. మూడో రోజు రోగం ఖాయమైంది. మందు మొదలుపెట్టారు. మొన్నటి నుంచి జ్వరం లేదు, నిన్న గోడ పట్టుకుని నడిచింది. యశోదమ్మకు కూడా పరీక్ష చేశారు, ఆమెకు లేదు.

ఆ తర్వాత నాగులమ్మకు కబురు పెట్టాను. జయరామ్‌ను ఇంట్లో వదిలి ఒక్కతే వచ్చింది. బిడ్డను చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "తప్పు మాది. ఆవును నేను తోలుకపోతా," అంది. యశోదమ్మ పలుపు విప్పి ఆమె చేతికిచ్చింది. డబ్బు ఎవరు ఎవరికి ఎంత తిరిగిచ్చారన్నది తీరిపోయిన సంగతి. గురువారం మినీ లారీలో ఆవు మీ ఊరు చేరుతుంది.

జోయల్‌కు వేరే ఉత్తరం రాశాను. ఈ ఉత్తరం మీ పైఅధికారికి చూపించండి. కింద పేరూ హోదా రాసి సంతకం చేశాను. రోజూ సాయంత్రం ఏర్పేడు వెళ్లి బిడ్డకు మాత్ర వేశారో లేదో చూసి వస్తున్నాను. యశోదమ్మ నాతో మాట్లాడదు. బిడ్డ మాట్లాడుతుంది, నాకు వినపడదు.

సుభాన్ బాషా,
రిటైర్డ్ కాంపౌండర్


గుట్టకిందపల్లె,
18 ఆగస్టు 2024

ప్రియమైన బాషా మామకు,

ఈ జవాబుకు మూడు వారాలు పట్టింది. మొదటి వారమంతా కోపంతోనే పోయింది, రాసినవి చించేశాను.

ఆవు చేరింది. చేను చివర తడికలతో పాక వేసి కట్టారు. ఎరువు గుంత వేరు, నీళ్ల తొట్టి వేరు. నాగులమ్మ చేతులకు తొడుగులు వేసుకునే దగ్గరికెళుతుంది. పాలు కేంద్రానికి పోయడం ఆపేసింది. జయరామ్‌కు జ్వరం తగ్గింది, మాత్రలు ఇంకో వారం ఉన్నాయి. వాళ్లకు గొర్రెల పథకంలో పేరు పెట్టి పంపాను. వస్తుందో రాదో నేను చెప్పలేను, వాళ్లకూ అదే చెప్పాను.

ఈ రోగం రాకుండా దూడలకు టీకాలు వేసే రోజున ఊరంతా ఆసుపత్రి ముందు చేరినప్పుడు నాగులమ్మ లేచి నిలబడింది. నేను అడగలేదు. "నేను అమ్మినాను. నాలుగేండ్ల బిడ్డకు ఎముకల్లో నొప్పి పుట్టించి వచ్చినాను. మీరు ఆ పని సేయొద్దండి," అంది. కూర్చుంది. మిగతా మూడు ఆవులూ ఆ వారమే వేరే పాకల్లోకి మారాయి. ఆ రోజు ఇరవై ఏడు పెయ్యదూడలకు టీకా వేశాం.

మీ ఉత్తరం పైఅధికారికి ఇచ్చాను. చదివి ఫైల్లో పెట్టుకున్నారు. ఏం చేస్తారో తెలియదు. దానితోపాటు నాది కూడా ఒకటి ఇచ్చాను. ఆవుగలవాళ్లకు చెప్పకముందే ఫలితం బయటివాళ్లకు రాసింది నేను. ఆ తప్పు మీది కాదు.

జోయల్ మెమో వెనక్కి తీసుకుని క్షమించమని అడిగాను. "మీరు అడిగినప్పుడే సెప్పినాను గదా మేడమ్," అన్నాడు. బదిలీ వచ్చింది, వెళ్లిపోయాడు. మీ ఉత్తరం మాత్రం మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను. అతను దూడను పట్టుకునే తీరు మీదే. కొత్తగా వచ్చినతనికి అది నేర్పాలి.

బిడ్డ ఎలా ఉందో ప్రతివారం రాయండి. మందు పూర్తయ్యాక ఇంకోసారి పరీక్ష చేయించాలి, మరిచిపోకండి.

మామా, ఇకమీదట పరీక్షల ఫలితాలు మీకు రాయను. మిగతావన్నీ రాస్తాను.

గ్రేసీ