కాగితాలు కోస్తున్న నా కత్తెర

పోలీసు స్టేషన్ అధికారి గారి సముఖానికి, వంతెన పక్క సందులో బట్టలు కుట్టుకునే ఎడమచేతి దర్జీ సమర్పించుకునే అర్జీ.

అయ్యా,

విషయం: దొంగ దగ్గర దొరికిన నా కత్తెర, తమ దగ్గర నాకు దొరకకపోవడం గురించి.

1. మా చెల్లెలి కాన్పుకని ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి వెళ్ళిన పూట, మా తాళం పగలగొట్టి ఇస్త్రీపెట్టె, గోడ గడియారం, నా కత్తెర ఎత్తుకుపోయిన సంగతి తమకు విదితమే. తమ సిబ్బంది వారం తిరక్కుండానే దొంగను పట్టుకున్నారు. అందుకు కృతజ్ఞురాలిని. ఆ కృతజ్ఞత అక్కడితో అయిపోయినది.

2. ఇస్త్రీపెట్టె, గడియారం కేసు తేలేదాకా తమ వద్దనే ఉంచుకొనవచ్చును. గడియారం ఎలాగూ ఆలస్యంగా నడుస్తుంది, స్టేషన్‌కు సరిపోతుంది. కత్తెర సంగతి వేరు. నాది ఎడమచేతి వాటం. అంగట్లో దొరికే కత్తెరలు నా చేతిలో బట్టను నములుతాయే తప్ప కోయవు. అందుకని కమ్మరి అయిన మా నాన్న నా చేతికి సరిపడేలా తానే చేసి ఇచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. ఇంకొకటి చేయించుకోమని సలహా ఇచ్చేవారు ఈ ముక్క గమనించ ప్రార్థన.

3. మొన్న నేను వచ్చేసరికి, స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ గారు నా కత్తెరతో కాగితాలు కోస్తున్నారు. బట్ట కోసే కత్తెరను కాగితానికి తాకిస్తే పదును చచ్చిపోతుందని దర్జీ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అప్పుడు జరిగిన సంభాషణ యథాతథంగా:

"అది నా కత్తెరండీ!"

"నీదెక్కడిదమ్మా? ఇప్పుడది సాక్ష్యం."

"సాక్ష్యంతో కాగితాలు కోస్తారా?"

"ఊరికే పెడితే తుప్పు పట్టదూ? అయినా ఇది తెగి చావట్లేదు. నువ్వు దర్జీవేగా, కాస్త సాన పట్టించి పెట్టు."

"ఇలా ఇవ్వండి, ఇప్పుడే పట్టించుకొస్తా."

"అమ్మో! స్టేషన్ గడప దాటకూడదు."

అయ్యా, అది కుడిచేత్తో తెగదు! అందుకే ఎవరూ కొనక, దొంగ దాంతో సహా దొరికిపోయాడు.

4. బడి తెరిచేలోపు పిల్లల యూనిఫారాలు కుట్టి ఇవ్వవలసి ఉన్నది. బట్ట తానులు తానులుగానే పడి ఉన్నది. బడివారు వేరే దర్జీని చూసుకుంటామంటున్నారు. ఆ పని పోతే మా ఇంట్లో ఏడాది తిండి పోయినట్టే. దొంగ దొరికాడు, కత్తెర మాత్రం చేతికి రాలేదని చెబితే నన్నే వింతగా చూస్తున్నారు. ఏడుపొస్తోంది, అయ్యా.

కావున నా కత్తెర నాకు ఇప్పించ వేడుకొనుచున్నాను. అది కుదరనిచో, బట్టంతా మోసుకుని నేనే స్టేషన్‌కు వస్తాను. తమ కానిస్టేబుల్ కాపలా ఉండగా ఓ మూల కూర్చుని కోసుకుని, కత్తెర అక్కడే వదిలి వెళతాను. అదీ కుదరనిచో, కనీసం కాగితాలు కోయడం ఆపించండి. మా నాన్న పెట్టిన పదును అది.

ఇంకా రాస్తే మర్యాద తప్పుతానేమోనని ఇక్కడితో ఆపుతున్నాను, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎడమచేతి దర్జీ

తా.క.: తమ కొత్త యూనిఫాం బట్ట కూడా నా దగ్గరే ఉన్నది. దొంగ ఇల్లంతా తడిమాడు గానీ దాన్ని ముట్టుకోలేదు, ఆ మాత్రం భయం ఉంది వాడికి. పై అధికారుల తనిఖీ దగ్గర పడుతోందట. కత్తెర లేనిదే అదీ కోయలేను. వేరే దర్జీ దగ్గరికి వెళ్ళదలిస్తే వెళ్ళండి గానీ, నడుము కొలత ఇచ్చేటప్పుడు నా దగ్గర బిగబట్టినట్టు పొట్ట బిగబట్టకండి. నేనైతే చూసీ చూడనట్టు రెండంగుళాలు కలిపి రాసుకున్నాను. ఆ దర్జీ కలపడు.