అంజిబాబు భుజం

బర్ దుబాయ్, 12-3-84

తమ్ముడు త్రిమూర్తులుకు, ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నీ కొడుకు బాగాలేడు.

కంపెనీ క్రికెట్ టీములో అంజిబాబు మూడో డివిజన్ నుంచి రెండో డివిజన్‌కి ఎదిగాక భుజం దెబ్బతింది. మూడు నెలలు బంతి ముట్టవద్దని డాక్టరు చెప్పాడు. నెల తిరక్కముందే, ఆడకపోతే కంపెనీ ఇంటికి పంపించేస్తుందని నువ్వు వాడికి ఉత్తరం రాశావు. నేను వద్దంటే, "నాన్న రాశాడు కదా పెదనాన్నా" అని శుక్రవారం బౌలింగుకు దిగాడు. నాలుగో బంతికే కూలబడ్డాడు. ఇప్పుడు వాడికి చొక్కా నేను తొడుగుతున్నాను.

ఆట కూడు పెడుతుందా అని చిన్నప్పుడు వాడి బంతిని పొయ్యిలో పడేసినవాడివి నువ్వే. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇలాంటి తండ్రి ఎందులోనూ తగల్లేదు.

ఇకపై నీ ఉత్తరాలు నేను చదివాకే వాడికిస్తాను. వానల్లోపు ఇంటి పెంకులు సర్దించు.

మరదలికీ పిల్లలకూ దీవెనలు. నీ వంతు అంజిబాబుకు ఇచ్చేశాను.

అన్న, సత్తిరాజు