చెయ్యి తీస్తే మొదలు

అమ్మా, నేను కులాసా. మా కొట్లోకి మెటల్ అనే హోరు సంగీతం వాయించే కుర్రాళ్ల కోసం చవక ఎలక్ట్రిక్ గిటార్లు దిగాయి. నిన్న ఒకతను, కొన్న మర్నాడే వెనక్కి తెచ్చి, "వాయించకపోయినా గుయ్యిమంటోందండీ, వేరేది ఇవ్వండి" అని భీష్మించుకు కూర్చున్నాడు. స్పీకరుకు తగిలించి తీగల మీద అరచెయ్యి ఆనించాను, ఠక్కున ఊరుకుంది. తీశాను, మళ్లీ మొదలెట్టింది. "జబ్బు కాదు బాబూ, దాని గుణమే అంత. వాయించనప్పుడు చెయ్యి వేసి ఉంచు" అని పంపేశాను.

ఇక్కడ చలి, నా పాత దుప్పటి పంపు. నాన్న కళ్లద్దాలు మార్పించారా? నా చంటిది ఇంకా వీపు మీంచి చెయ్యి తీస్తే లేచి ఏడుస్తోందా? ఈపాటికి నీ చేతికి అలవాటు పడి ఉంటే మంచిదే, దానికి నిద్ర ముఖ్యం. నాన్నకు నమస్కారాలు. ఒక్కసారి నా పేరు చెప్పి దాని వీపు మీద చెయ్యి వెయ్యి.

నీ కూతురు