కొట్టివేసిన నా నేరాన్ని తిరిగి ఇప్పించండి

శ్రీయుత వెండెల్ హెడ్‌లండ్ గారికి,
విద్యార్థి వ్యవహారాల డీన్, కాలేజీ ప్రధాన భవనం, మిన్నెసోటా.

అయ్యా,

విషయం: తమరు దయతో కొట్టివేయించిన నా క్రమశిక్షణ కేసును యథాతథంగా తిరిగి రికార్డులకు ఎక్కించి, దాని వివరం తెలుపుతూ ఒక ఉత్తరం ఇప్పించుట గురించి.

తమ కాలేజీలో జీవశాస్త్రం చదివి, పట్టా పుచ్చుకుని, ప్రస్తుతం మా ఊరి వృద్ధుల ఆశ్రమంలో ఆయాగా పనిచేస్తున్న సిగ్నె ఎక్‌బ్లాడ్ అను నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను మొదటి సంవత్సరం చదువుతుండగా, డిసెంబరు పదమూడున, మా స్వీడన్ వాళ్ల దీపాల పండుగైన లూసియా నాటి తెల్లవారుజామున, మా ఇంటి ఆచారం ప్రకారం తెల్ల గౌను తొడుక్కుని, వెలిగించిన కొవ్వొత్తుల కిరీటం నెత్తిన పెట్టుకుని, కాఫీ, కుంకుమపువ్వు బన్నులు పట్టుకుని, పాట పాడుతూ హాస్టల్ వరండాలో గది గదికీ వెళ్లిన మాట వాస్తవం. కిరీటం కింద తడిగుడ్డ ఉన్నది. మా ఇంట్లో పెద్దకూతుళ్లందరూ అలాగే పెట్టుకున్నారు. ఎవరి జుట్టూ కాలలేదు. బ్యాటరీ దీపాల కిరీటాలు దుకాణాల్లో దొరుకుతాయని నాకు తెలుసు. అవి పెట్టుకుంటే మా అమ్మమ్మ నా మొహం చూడదు.

2. హాస్టల్ అధికారిణి డార్లా వాస్ గారు తలుపు తీసి నన్ను చూసి, "ముందు అవి ఆర్పెయ్యి తల్లీ" అన్నారు. నేను తల వంచాను. పక్కగది అమ్మాయి ఉఫ్‌మని ఊదింది. వెలిగినంతసేపు కిక్కురుమనని అలారం, ఆర్పిన పొగకు మోగింది. అధికారుల ఆజ్ఞను తక్షణమే పాటించడం వల్లనే అలారం మోగినదని ఇందుమూలంగా మనవి చేస్తున్నాను.

3. హాస్టల్ అంతా పడుకున్న బట్టలతోనే మంచులో నిలబడవలసి వచ్చింది. అగ్నిమాపక దళం వచ్చింది. వారి నాయకుడు నా నెత్తి కేసి చూసి, "మా అత్తగారు కూడా బ్యాటరీవాటికి దిగిపోయిందమ్మా. నీకేం పోయేకాలం?" అని, ఒక బన్ను తిని, ఇంకొకటి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

4. మర్నాడు వాస్ గారు ఒక ఫారం మీద నా చేత సంతకం పెట్టించుకున్నారు. నేరం పేరు 'నివాస భవనంలో నిప్పు పెట్టుట' అని ఉన్నది. ఇదేమిటండీ అని అడిగితే, "తాగుడు, దొంగతనం, కొట్లాట, నిప్పు. ఈ నాలుగే ఉన్నాయి. కొవ్వొత్తికి విడిగా గడి లేదు. పెట్టెయ్యమ్మా, ఇదంతా ఎవరు చూస్తారు?" అన్నారు. వారు మంచివారు. నేను పెట్టేశాను.

5. చదువు ముగిసే ఏడు నేను వైద్య కళాశాలలకు దరఖాస్తు చేయబోతున్నానని విని తమరు నన్ను పిలిపించారు. "ఇంత చిన్నదానికి నీ బతుకు పాడవకూడదు. కొట్టేయిస్తున్నాను. నీ దగ్గరున్న కాపీ కూడా చింపెయ్, పీడా వదిలిపోతుంది" అన్నారు. తమ ఎదుటే చింపి తమ చెత్తబుట్టలోనే వేశాను. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి మా అమ్మతో తమ గురించి ఎంత గొప్పగా చెప్పానో తమకు తెలియదు.

6. తరువాత దరఖాస్తు తెరిస్తే అందులో ఒక ప్రశ్న ఉన్నది. మీ మీద మీ కాలేజీ ఎప్పుడైనా చర్య తీసుకున్నదా? దాన్ని తరువాత కొట్టివేసినా సరే, చెప్పవలెను అని. సలహాదారు లుండీన్ గారిని అడిగాను. "కొట్టేసినా చెప్పాల్సిందే. దాస్తే అది అబద్ధం. ఎప్పుడో బయటపడితే ఇక జన్మలో డాక్టరువి కాలేవు. కాలేజీ వాళ్లు రాసిన మాటలు రాసినట్టే దించు" అన్నారు. దించాను. నిప్పు పెట్టుట అని. కింద కొవ్వొత్తుల సంగతి రాశాను.

7. వైద్య కళాశాలల వారు నా మాట నమ్మక, వివరం కోరుతూ తమ కార్యాలయానికి రాశారు. 'సదరు విద్యార్థినికి సంబంధించి మా వద్ద ఏ వివరమూ లేదు' అని తమ కార్యాలయం జవాబిచ్చింది. అయ్యా, ఒక పిల్ల నేను నిప్పు పెట్టానంటుంది. ఆమె కాలేజీ మాకేమీ తెలియదంటుంది. చదివేవాడు ఏమనుకుంటాడు? ఏ స్థాయి నిప్పయితే కాలేజీ దాన్ని చెరిపేసుకుంటుందో అని అనుకుంటాడు. అలాగే అనుకున్నారు.

8. ఇంటర్వ్యూకి పిలిచినవారు ఒక్కరే. అక్కడ ఒక పెద్ద డాక్టరు గారు, "ఏం తగలబెట్టావమ్మా?" అని నెమ్మదిగా అడిగారు. "ఏమీ లేదండీ, నెత్తిన పెట్టుకున్నాను" అన్నాను. "ఏమిటి పెట్టుకున్నావు?" "నిప్పండీ." ఆయన కలం మూసేశారు. నేను వివరించేలోగా టైము అయిపోయింది. ఆ గుమ్మం దాటాక కారులో కూర్చుని ఏడ్చాను. దీన్ని ఏ గడిలో వేసుకుంటారో తమ ఇష్టం.

9. వాస్ గారు ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నారు. ఫోన్ చేస్తే, "నాకు బాగా గుర్తుంది తల్లీ. కానీ కాగితం లేకుండా నేను రాసిస్తే నా ఉద్యోగానికే ఎసరు" అన్నారు. స్నేహితులు రాసిన ఉత్తరాలు చెల్లవట. కాలేజీ ఉత్తరమే కావాలట.

10. నేను దరఖాస్తులు పెట్టడం ఇది రెండో ఏడు. అందరూ కాదన్నారు. ఉత్తరాన ఉన్న ఒక్క వైద్య కళాశాల మాత్రం, శుక్రవారం లోపు కాలేజీ నుంచి ఉత్తరం వస్తే పరిశీలిస్తామన్నది. ఇంకో ఏడు దరఖాస్తు చేసే శక్తి నాకు లేదు. మా ఆశ్రమంలో నైక్విస్ట్ తాత రోజూ పొద్దున నేను మేజోళ్లు తొడుగుతుంటే, "డాక్టరమ్మవి ఎప్పుడవుతావే? నేను పోయేలోపు అవుతావా లేదా?" అని అడుగుతాడు. మొదట్లో వచ్చే ఏడు తాతా అనేదాన్ని. ఇప్పుడు కాలు ఎత్తమంటున్నాను.

కావున తమరు నా యందు దయ ఉంచి, నా నేరాన్ని నాకు తిరిగి ఇప్పించగలరు. 'కొవ్వొత్తి' అని రాయడం నిబంధనలకు విరుద్ధమైతే 'నిప్పు పెట్టుట' అనే రాయండి. నేను అభ్యంతరం చెప్పను. పెట్టినది నా నెత్తిన అని పక్కన ఒక్క ముక్క చేర్చండి, చాలు. పోయిన వారం స్వయంగా వచ్చి అడిగితే తమరు, "చూడమ్మా, కొట్టేసిందాన్ని మళ్లీ పుట్టించే పద్ధతి లేదు. ఈ ఆఫీసులో ఆ సంఘటన తాలూకు ఆనవాలే లేదు" అన్నారు. ఈ అర్జీకీ అదే జవాబు వస్తుందని తెలిసే రాస్తున్నాను. అయినా ఒక్కసారి చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
సిగ్నె ఎక్‌బ్లాడ్

తా.క.: ఆ తెల్లవారుజామున అలారం విని తమరు కూడా ఇంటి చెప్పులతోనే వచ్చారు. మంచులో నా పక్కనే నిలబడ్డారు. బన్ను తిని, "మా అమ్మ పోయాక మళ్లీ ఇవాళే తిన్నానమ్మా" అన్నారు. మీ కళ్లలో నీళ్లు చూసి నేను బన్నుల డబ్బాకు డబ్బా మీ చేతిలో పెట్టేశాను. అది మా అమ్మమ్మది, నీలం రంగుది, మూత మీద గుర్రం బొమ్మ ఉంటుంది. ఆనవాలే లేదని మీరు చెబుతున్నప్పుడు అది మీ బల్ల మీదే ఉంది. అందులో గుండుసూదులు పోసుకున్నారు. పెద్దవారని ఆ రోజు అడగలేదు. శుక్రవారం దాటితే ఇక మీ ఉత్తరంతో నాకు పని ఉండదు. శనివారం పొద్దున వస్తాను, ఆ సూదులు వేరే దేంట్లోనైనా పోసి ఉంచండి.